తామరపువ్వు ఉంగరం

పాతపట్నం,
2024 నవంబరు 18, సోమవారం.

దుర్గాభవాని వదినకు,

నీ మేనమామ కూతురు ఈశ్వరి నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, నాన్నా, మా వెండిపని కుంపటీ క్షేమం. విజయనగరంలో నువ్వూ, నీ కోపమూ క్షేమమే అనుకుంటాను. ఫోన్లో చెబుదామంటే ఉంగరం మాట ఎత్తగానే పెట్టేస్తున్నావు. ఉత్తరమైతే చింపే ముందైనా చదువుతావు కదా!

గెలిచాం వదినా! నిన్న శ్రీకాకుళంలో జరిగిన పాతకాలపు నగల నకళ్ల పోటీలో మన తామరపువ్వు వెండి ఉంగరానికి మొదటి బహుమతి! నువ్వు పనిపీట వదిలేసి బట్టల కొట్లో చేరాక ఈ ఇంట్లో ఇంత సంబరం ఇదే.

ఏ పాత ఉంగరాన్ని చూసి చేశామో దాని ఫొటో పక్కన పెట్టాలన్నారు. అందరివీ మెషీన్లోంచి దిగినంత నున్నగా ఉన్నాయి. మన ఉంగరం అంచున అంటించిన వెండి గుండ్లేమో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పక్క బల్లాయన తొంగి చూసి, "ఏటమ్మా, ఈ గుండ్లు సీకట్లో అంటించినావా ఏటి?" అని నవ్వాడు. నేను ఊరుకుంటానా? "నా గుండ్ల సంగతి తరవాత, ముందు నీ ఫొటో సూసుకో బాబూ" అన్నాను.

జడ్జి కమలాదేవి గారు భూతద్దం పెట్టి ఒకసారి ఫొటో, ఒకసారి ఉంగరం చూశారు. "ఆనాటి పనివాడి గుండ్లూ ఇలాగే ఉన్నాయి. మిగతావాళ్లు పాత ఉంగరాలను సరిదిద్దేశారు. ఇదొక్కటే ఉన్నదున్నట్టు ఉంది" అన్నారు. ఎవర్నీ మెచ్చుకోని మా నాన్న లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. బయటికొచ్చి, "ఒసే, మన కుంపటింక ఆరదే" అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

మనకు పనిచ్చే షావుకారు భీమశంకరరావు గారు నీ పని తిరగ్గొట్టడం, నువ్వు వెళ్లిపోవడం అయ్యాక, రెండో చెయ్యి లేక కొట్టు మూసేద్దామనుకున్నాం. నీకు చెప్పలేదు. ఇప్పుడైనా అది నిలబడాలంటే నువ్వు రావాలి. నువ్వు లేకుండా గెలిచినా నాకు వెలితిగానే ఉంది. వస్తావా, రావా?

నీ రాక కోసం చూసే
మరదలు
ఈశ్వరి

తా.క.: అసలు మాట ఇప్పుడు చెబుతున్నాను. బహుమతి నా ఉంగరానికి కాదు వదినా, నాది పోటీకి పెట్టనే లేదు. గుండ్లు ఎగుడుదిగుడని షావుకారు నీ మొహం మీదే తిరగ్గొట్టినదీ, మూసలో వేసి కరిగించెయ్యమని నువ్వు నా ముందు విసిరేసినదీ, ఆ ఉంగరమే. కరిగించడానికి నాకు చేతులు రాలేదు. మైకులో పిలిచింది కూడా నీ పేరే. నీ బదులు నేను వెళ్లి శాలువా కప్పించుకున్నాను. అలాంటి ఉంగరాలే కావాలని షావుకారు ఈ పొద్దున మనిషిని పంపాడు. చేసినావిడ వచ్చి ఒప్పుకుంటేనే అని చెప్పి తిప్పి పంపేశాను.