ఇంకా కట్టని యంత్రం

2004 జూలై 14, బుధవారం. యలహంక.

ఎవరూ ఇంకా కట్టని కొలైడర్‌లో, అంటే కణాలను ఢీకొట్టించే యంత్రంలో, కొత్త కణం ఎలా కనబడుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడమే రెండేళ్లుగా నా బతుకు. కొత్త కణానికి గుర్తుగా గ్రాఫులో లేచిన బుడిపె చూసి మా గైడు నారాయణప్ప గారు పొంగిపోయారు. పోయిన వారమే పేపరు పంపేశాం.

ఈ మధ్యాహ్నం తెలిసింది, లెక్కలో ఒకే ఫైలును రెండుసార్లు కలిపానని. ఒకటి తీసేస్తే బుడిపె లేదు.

వెళ్లి చెప్పాను. ఆయన లేచి తలుపు మూశారు.

"ఆ మిషను కట్టేకి ఇంకా ఇరవై ఏండ్లు పడతాది. అంతవరకు ఎవురు చూస్తారప్పా?"

నాకు కోపం రావాలి. హాయిగా అనిపించింది. నా తప్పు పట్టగల యంత్రం భూమ్మీద ఎక్కడా లేదు.

రేపటి నుంచి అదే గ్రాఫు మీద రెండో పేపరు మొదలుపెట్టాలట. సరేనన్నాను.