మౌనాన్ని తప్పుగా రాసుకున్న గుమాస్తా

యార్క్‌షైర్ కొండల్లోని వెన్‌బెక్ నివాసి, గొర్రెల కాపరి, ఫాదిరీ లేకుండా మౌనంగా ప్రార్థించే ఈ ఊరి క్వేకర్ క్రైస్తవుల సమావేశానికి ముప్పై ఐదేళ్ళుగా సభ నడిపి తీర్మానాలు రాసే గుమాస్తా అయిన జేబెజ్ హార్కర్ అనే నేను, డెబ్బై నాలుగో ఏట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. దేవుని మీద ప్రమాణం చేసి మొదలుపెట్టమన్నాడు లాయరు. మేం ప్రమాణాలు చేయం, ఉన్నమాట చెబుతాం. రాణినైనా నువ్వు అనే మావాళ్ళ అలవాటు కొద్దీ అతన్నీ నువ్వు అన్నాను. ఇంకా మూతి ముడుచుకునే రాస్తున్నాడు.

1. ఇల్లు, పచ్చిక బయలు, గొర్రెలు నా కొడుకు ఈనోక్‌కి చెందాలి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యతా వాడిదే. పెద్ద పొట్టేలు వాడి మాట వినదు. నా మాట కూడా ఏనాడూ వినలేదు గనక వాడు చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

2. మా మందిరంలోని పొయ్యికి ఈనోక్ ఏటా రెండు బండ్ల బొగ్గు తోలాలి. ఆ పొయ్యి పెట్టాలా వద్దా అని పదకొండేళ్ళు ఆలోచించాం. మాకు ఓట్లుండవు, అందరి మనసూ ఒకటయ్యేదాకా కూర్చోవాలి. ఒకటయ్యేసరికి, పొయ్యి అడిగినవాళ్ళలో ముగ్గురు వెచ్చదనంతో పనిలేని చోటికి వెళ్ళిపోయారు.

3. సైలస్ రెయిన్‌కి నా ఈకల దిండు. మౌన ప్రార్థనలో ఆయన గురక పెడతాడు, అది ధ్యానమంటాడు. ధ్యానానికైనా మెడ పట్టేస్తుంది కదా. హెఫ్జిబా థ్వెయిట్‌కి సరిగా వినపడటానికి చెవిలో పెట్టుకునే నా ఇత్తడి గొట్టం. పోయినేడు అడిగి తీసుకుంది, తిరిగివ్వనక్కర్లేదు.

4. ఇది ఆస్తి సంగతి కాదన్నాడు లాయరు. అయినా రాయమన్నాను.

1838 నాలుగో నెలలో నా చెల్లెలు టామర్, ఫిడేలు వాయించే రోజర్ డెంట్‌ని చర్చిలో ఫాదిరీ ముందు పెళ్ళాడింది. మావాడు కాదు, పైగా మాకు కూడని సంగీతం. ఆమెను వెలివేసే తీర్మానం నేనే చదివి, ఎవరైనా ఏమైనా అంటారా అని అడిగాను. ఎవరూ నోరు విప్పలేదు. మా పద్ధతిలో అది ఒప్పుకున్నట్టే లెక్క. 'అందరికీ సమ్మతం' అని రాసేశాను. తర్వాత తెలిసింది, సైలస్ నిద్రపోయాడు. హెఫ్జిబాకి వినపడలేదు. మిగతా ఆరుగురూ, సొంత అన్న కదా, అతనే అడ్డుపడతాడని ఎదురుచూశారు. నేను వాళ్ళలో ఎవరో ఒకరు అడ్డుపడతారని ఎదురుచూశాను.

వెలివేసినవాళ్ళు ప్రార్థనకు రావచ్చు, సంఘం పనుల్లో మాట్లాడకూడదు. ముప్పై మూడేళ్ళుగా వారం మొదటి రోజున టామర్ వచ్చి వెనక బల్ల మీద కూర్చుంటోంది. నేను సిగ్గుతో ఆ మాటే ఎత్తలేదు. రోజర్ ఫిడేలు మాత్రం వాళ్ళింటి గోడ ఇవతల నిలబడి ఎన్నోసార్లు విన్నాను. చాలా బాగా వాయించేవాడు. ఆ సంగతి అతను బతికుండగా చెప్పనందుకు నాకిప్పటికీ బాధగా ఉంది.

పోయిన నెల పాత పుస్తకం తెరిచి, ఆ తీర్మానం తప్పు, కొట్టేద్దామన్నాను. ఈసారి బతికున్న ఐదుగురి చేతా నోటితో చెప్పించాను. సైలస్‌ని తట్టి లేపాను. మళ్ళీ మాలో చేరమని టామర్‌ని అడిగాను.

"ముప్పై మూడేళ్ళు మీరు నోరు విప్పలేదు. నన్నో నెల ఆలోచించుకోనివ్వన్నా," అంది.

నెల ఇవాళ్టితో అయిపోయింది. జవాబు రాలేదు. ఈ నెలంతా నాకు నిద్ర సరిగా లేదు.

5. అమ్మ గడియారం టామర్‌కని రాయించబోయాను. తను కాక ఇంకో సాక్షి కావాలన్నాడు లాయరు. గదిలో ఉన్నది, నన్ను చూడవచ్చిన టామర్ ఒక్కతే. సాక్షి సంతకం పెట్టినవాళ్ళకి వీలునామాలో ఏదీ చెందదట. ఊళ్ళోంచి ఇంకెవరినైనా పిలిపిస్తానన్నాను. టామర్ కళ్ళజోడు తీసి పెట్టుకుంది.

"గడియారం ఈనోక్‌కి రాసెయ్యి. మన కాగితాల మీద నా పేరుండి ఎన్నాళ్ళయిందన్నా?"

కాబట్టి గడియారం ఈనోక్‌కి. నా చెల్లెలికి ఈ వీలునామాలో నేనేమీ ఇవ్వడం లేదు.

వెన్‌బెక్, 1871, పదకొండో నెల, తొమ్మిదో రోజు.

జేబెజ్ హార్కర్

ఆయన మా ఎదుట, మేమిద్దరం ఆయన ఎదుట సంతకాలు చేశాం:

ఎడ్మండ్ పికర్‌గిల్, లాయరు

టామర్ డెంట్, వెన్‌బెక్ క్వేకర్ల సమావేశ సభ్యురాలు