తెర లేని ఆట

మార్కాపురం, శుక్రవారం రాత్రి

పొదిలిలో ఉన్న స్నేహితురాలికి తను తయారుచేసిన కంప్యూటర్ ఆట చూపించాలట, బస్సులో ఒంటరిగా పోతానని కరుణ మళ్ళీ అడిగింది. పుట్టుకతో చూపు లేని మనవరాలిని అట్లా పంపేది లేదని ఖండితంగా చెప్పాను. వెంటనే కరుణ ఆ ఆట ఉన్న, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ తెచ్చి, ఇయర్‌ఫోన్లు నా చెవులకు పెట్టింది.

చవక సర్క్యూట్ బోర్డు, బ్యాటరీ, నాలుగు మీటలు. తెర లేదు, ఆటంతా శబ్దాలే. రోడ్డు దాటాలి. ఎడమవైపు లారీ వినిపించగానే తల తిప్పి చూశాను. గుద్దేసింది. మళ్ళీ ఆడినా అంతే.

"తల తిప్పితే ఏమొస్తాది అవ్వా? లారీ నీ చెవుల్లోనే ఉండాది. చప్పుడు సన్నగయ్యేదాకా ఆగి మీట నొక్కు. అంతమందికి పాఠాలు చెప్పినావు, ఇది రాదా?"

తరువాత అది ఆడింది. ఏదీ తగలకుండా అవతలికి చేరింది. మెచ్చుకోబోయి ఆగాను. ఆటలో లారీ గుద్దితే మళ్ళీ మొదలుపెట్టవచ్చు, రోడ్డు మీద అది కుదరదు. ఆ మాటే అన్నాను.

"అందుకే గదా ఇంట్లో నేర్చుకునేది," అంది.

పొదిలి సంగతి తరువాత చూద్దాం, రేపు బస్టాండు దాకా చేయి పట్టుకోకుండా నీ వెనకే వస్తానన్నాను.

"అయితే చెప్పులు వేసుకోవద్దు అవ్వా. నీ చప్పుడు వినబడితే నేను రోడ్డును విననే వినను."

సరేనన్నాను. ఎండ ముదరకముందే బయలుదేరాలి.