రాజ్‌దూత్ అమ్మడం లేదు

వత్సలా,

నిన్ను లేపబుద్ధి కాలేదు. కొత్త బుల్లెట్ తేవడానికి తెల్లవారుజాము రైలుకు సికింద్రాబాద్ పోతున్నాను. రేపు దాని మీదే వస్తాను. మన పాత రాజ్‌దూత్ కొనడానికి ఇవాళ దెగ్లూర్ నుంచి రామదాస్ వస్తాడు. చాయ్ ఇచ్చి, బండి అమ్మడం లేదని చెప్పు. నేను అమ్ముతానన్న మాట నిజమే, కానీ ఆ బండి ఇక నీది. అమ్మకు అన్నం తిన్నాక మందు ఇవ్వు.

పోయిన వారం నేను చీరల మూటతో కిన్వట్‌లో ఉన్నాను. అమ్మకు ఛాతీలో నొప్పి వచ్చింది. రిక్షా దొరక్కపోతే నువ్వే ఆమెను రాజ్‌దూత్ మీద వెనక కూర్చోబెట్టుకుని, దుప్పటితో నడుముకు కట్టుకుని దవాఖానకు తీసుకుపోయావు. గోదావరి ఇసుకలో నేను సరదాకు నేర్పిన బండి అది. నిన్న అమ్మ నాతో అన్నది: "బుగులుతోని కండ్లు మూస్కున్న బిడ్డా. తెరిసేసరికి డాక్టరు ముంగట ఉన్న. నీకన్న మంచిగ నడుపుతది."

మన ఊళ్లోనే, వజీరాబాద్ బజారులో ఒక దుకాణదారు, "బజార్ల బండి నడిపినామె మీ ఇంటామెనా?" అని అడిగాడు. నలుగురికీ వినబడేటట్టు అవునన్నాను. నీ ముందర మాత్రం నోరు పెగలలేదు. అందుకే రాసి పోతున్నాను.

మార్కండేయ

లైసెన్సుకు ఫొటో కావాలి. ఇవాళ స్టూడియోకు పోయి దిగు. ఒకటి ఎక్కువ తీయించు, నా జేబులో పెట్టుకుంటాను.