పగలు బయటికి రాని అక్క

పుంగనూరు

సౌభాగ్యవతి రోజాకు, అత్త దీవించి రాయునది. ఇక్కడ నేనూ, ఆవూ క్షేమం. కుప్పంలో నువ్వూ, పాపా, మీ అమ్మానాన్నా క్షేమమని తలుస్తాను. నువ్వు నా ఫోన్ ఎత్తవు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

నీ కుట్టుమిషను ఎవరికైనా ఇచ్చేశానా అని నీ ఉత్తరంలో అడిగావు. ఎవరికిస్తాను తల్లీ? గుడ్డ కప్పి నీ కిటికీ దగ్గరే పెట్టాను. ఆసుపత్రిలో పాపను చూసి "ఈ బిడ్డ నా బిడ్డ కాదు" అని నా కొడుకు సురేంద్ర వెనక్కి వచ్చేసి మూడు నెలలైంది. వాడు మదనపల్లె టమోటా మండీ నుంచి వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. మాటాపలుకూ లేదు. సంగటి మాత్రం ఇప్పటికీ ముగ్గురికి కెలుకుతున్నాను. మిగిలింది పొద్దున మజ్జిగలో కలుపుకుని నేనే తాగుతాను.

పోయిన వారం పక్కింటి మునిరత్నం సార్, సైన్స్ చెప్పి రిటైరైనాయన, వాణ్ణి కూర్చోబెట్టి కాగితం మీద గీసి చెప్పాడు. ఒంటికి రంగునిచ్చే జన్యువులు జతగా ఉంటాయంట, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. ఒకటి చెడినా, మంచిదే గెలుస్తుంది. చెడింది లోపల దాక్కుంటుంది, మనిషి మామూలుగానే ఉంటాడు. అట్లా దాచుకున్న ఇద్దరి నుంచీ చెడిందే వస్తే, బిడ్డకు మన పాప మాదిరి తెల్లజుట్టు, తెల్లటి ఒళ్లు, ఎండకు తాళని కళ్లు.

"నీలో కూడా ఉంటేనే బిడ్డ అట్లా పుట్టేదప్పా," అన్నాడు సార్.

"మా వంశంలో అట్లాంటోళ్లు ఎవురూ లేరు సార్," అని వీడు లేచిపోయాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. నోరు విప్పలేదు.

నీ ఉత్తరంలో చివరి మాట, "నువ్వు కూడా నన్ను అనుమానించినావా అత్తా?" లేదు రోజా, ఒక్క క్షణం కూడా లేదు. పాపను చూసిన నిమిషమే గుర్తుపట్టాను. మా అక్క రాజమ్మ అచ్చం అట్లాగే ఉండేది. మీ నాన్న పుట్టకముందే, తొమ్మిదేళ్లకే జ్వరమొచ్చి పోయింది. ఊరంతా మా అమ్మను ఆడిపోసుకుంది. అమ్మ అక్కను పగలు గడప దాటనిచ్చేది కాదు. ఎవరైనా అడిగితే "ఆ పాప ఎవురో నాకు తెలీదు" అనమని నాకు నేర్పింది. అన్నాను. అరవై ఏళ్లుగా ఆ మాట మీదే ఉన్నాను.

నేనూ మీ నాన్నా ఒక కడుపున పుట్టాం. నాలో దాగింది నా కొడుక్కి, మీ నాన్నలో దాగింది నీకు వచ్చింది. మేనరికమని పట్టుబట్టి మిమ్మల్ని కలిపింది నేను. నింద మోస్తున్నది నువ్వు.

నీ ఉత్తరం చదివాక ఉండబట్టలేక ఈ పొద్దు సురేంద్రకు చెప్పేశాను. "ఇన్నాళ్లూ యాల చెప్పలేదమ్మా?" అన్నాడు. మా అమ్మ పేరు మళ్లీ వీధిలో పడుతుందని భయపడ్డానన్నాను. వాడు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. క్షమించమని అడిగే మొహం మా ఇద్దరికీ లేదు.

వచ్చే ఆదివారం కుప్పం వస్తాను, ఒక్కదాన్నే. పాపకు ఎండ తగలకుండా అంచు టోపీ కొన్నాను. నువ్వు తలుపు తీసినా, తీయకపోయినా, మీ వీధిలో ఎవరైనా ఆ పాప ఎవరని అడిగితే నేను చెబుతాను: "నా మనవరాలు. మా అక్క మాదిరి ఉండాది."

ఇట్లు,
నీ మేనత్త
సరోజమ్మ