చేప నోట్లో ఉన్నది

14 ఫిబ్రవరి 1999, ఆదివారం. పుంగనూరు

నిన్న కుప్పం సెమినార్‌లో నేను కనిపెట్టిన కొత్త చేపకు పేరు పెట్టాను. నాన్న పేరు. ఆదినారాయణ శెట్టి, బజారు వీధిలో పప్పుల అంగడి, పుట్టి బుద్ధెరిగి కోడిగుడ్డు కూడా ముట్టని మనిషి. ఇకమీదట బంగాళాఖాతం అడుగున ఆయన పేరుతో ఒక చేప తిరుగుతుంది. అమ్మకు నవ్వాగలేదు.

ఇన్నేళ్లూ మదనపల్లె కాలేజీ నుంచి ఎప్పుడొచ్చినా సరే, పెరట్లో నెత్తిన నీళ్లు పోసుకున్నాకే నాకు ఇంట్లోకి ప్రవేశం. ఫార్మలిన్ కంపు, చేప కంపు ఆయనకు ఒకటే. నిన్న మాత్రం నేరుగా నడవలోకి రానిచ్చాడు. పైగా చేపకు రంగేమిటని అడిగాడు.

రంగేముంది, జార్‌లో బూడిదే. వైజాగ్ నుంచి ఒక్కటే వచ్చింది. ఎనిమిది వందల మీటర్ల లోతులో వలకు పడింది. పెద్ద తల, గుడ్లు తేలేసిన కళ్లు, వెనక ఎలుక తోకలా సన్నబడిపోయే ఒళ్లు. ఇలాంటివి చాలా రకాలున్నాయి. గడ్డం కింది మీసం, పొలుసుల మీది గరుకు, రెక్కల్లో ముళ్లు చూసి ఒకదాన్నుంచి ఒకటి విడదీస్తాం. నాదానికి వీటితోపాటు నోట్లో ఒక తెల్లటి కండసంచి ఉంది. ఏ పుస్తకంలోనూ లేదు. చీకట్లో చిన్న చేపలకు ఆశ చూపించే ఎర అని రాశాను.

సుధారాణి అని గుడుపల్లె జూనియర్ కాలేజీ లెక్చరర్. లేచి నిలబడి, ఆ సంచి ఎక్కడ మొదలవుతుందో పొట్ట తెరిచి చూశారా మేడమ్ అని అడిగింది. నేనన్నాను, "కోసి కడగడం మీ ఇళ్లల్లో అలవాటు. మేం చూసి చదువుకునేవాళ్లం."

హాలంతా నవ్వింది. మా గైడ్ సుబ్రమణ్యం సార్ కూడా నవ్వారు. ఆమె కూర్చుంది. మధ్యాహ్నం ఆమె పేపర్ ఉండింది, చదవకుండానే వెళ్లిపోయిందట.

ఇంట్లో చెబితే నాన్న కూడా నవ్వాడు. మా అమ్మాయి నోటికి ఎవరూ ఆగలేరు అన్నాడు.

17 ఫిబ్రవరి. మదనపల్లె

నా చేప సంగతి పేపర్లో జిల్లా పేజీలో వేశారు. నాన్న కటింగ్ తీసుకెళ్లి గల్లాపెట్టె పైన గోడకు అంటించాడట. కందిపప్పుకు వచ్చినవాళ్లకు పప్పు కట్టేలోపు చేప గురించి చెబుతున్నాడట. వీధిలో చేపశెట్టి అంటున్నారని అమ్మ ఫోన్. ఆయనకు కోపం రాలేదట. ఇంకెవరైనా అలా పిలిచి ఉంటే తక్కెడ విసిరేవాడు.

3 మార్చి

వైజాగ్ నుంచి రెండో జార్. మూడు చేపలు, మూడూ నా చేపే. రెండింటికి నోట్లో సంచి ఉంది. మూడోదానికి లేదు.

ఆడామగా తేడా అయ్యుంటుంది.

4 మార్చి

అయ్యుంటుంది అని రాయడానికేం, పెన్ను నాదే. ఆడో మగో తేలాలంటే పొట్ట తెరవాలి.

9 మార్చి

జార్ మూత తీసి మళ్లీ పెట్టాను. మూడోసారి.

బీఎస్సీలో కప్పను కోసింది నా పార్ట్‌నర్. ఎమ్మెస్సీలో అటెండర్. ‘స్పెసిమెన్ చెడకుండా లోపలి అవయవాలు పరిశీలించలేదు’ అని సెమినార్ పేపర్లో రాశాను. ఎంత పద్ధతిగా ఉందో వాక్యం. అసలు సంగతి, నాకు చేప కడుపులో కత్తి పెట్టాలంటే డోకొస్తుంది. చిన్నప్పుడు సంతలో చేపలవైపు పోతే అమ్మ కొంగుతో నా ముక్కు మూసేది. ఆ మూసిన ముక్కుతోనే చేపల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను.

13 మార్చి. మధ్యాహ్నం 2 గంటలు

కోశాను.

ముందు సంచిని పట్టకారుతో పట్టి చూశాను. అంగిట్లో యాడా అతుక్కొని లేదు. గొంతులోకి పోయింది. దాని వెంబడే పొట్ట దాకా కోసుకుంటూ పోయాను. కడుపు ఉండాల్సిన చోట కడుపు లేదు. చేపను నీళ్లలో తేల్చే గాలితిత్తి చిరిగి వేలాడుతోంది.

సంచే కడుపు. అంత లోతునుంచి ఒక్కసారిగా పైకి లాగితే నీళ్ల ఒత్తిడి తగ్గుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది, కడుపును తిరగేసి నోట్లోకి తోసేస్తుంది. కళ్లు తేలేసింది కూడా అందుకే. సంచి లేని మూడోదాని కడుపు దాని చోట అది ఉంది. ఒత్తిడి, గాలి, ఈ లెక్కంతా సెకండియర్ పిల్లలకు నేనే పాఠం చెబుతాను.

3.15

మీసం, పొలుసులు, ముళ్లు మళ్లీ మొదట్నుంచి చూశాను. అన్నీ ఎప్పుడో వందేళ్ల కిందట పేరు పెట్టేసిన చేపతో కలుస్తున్నాయి. అప్పుడూ కలిశాయి. సంచి మోజులో చిన్నచిన్న తేడాలను పెద్దవి చేసి రాసుకున్నాను.

పొట్ట తెరిచారా అనే కదా ఆమె అడిగింది.

14 మార్చి

ఆమె చేప గురించి అడిగింది. నేను ఆమె ఇంటి గురించి జవాబు చెప్పాను. పొద్దుట్నుంచి ఇదే తిరుగుతోంది తలలో.

20 మార్చి. కుప్పం

సుబ్రమణ్యం సార్ ఇంటికి వెళ్లాను. ఆయన కళ్లకు శుక్లాలు, జార్‌లో చేపను ఏనాడూ సరిగ్గా చూడలేదు. చూసింది నేను గీసిన బొమ్మనే. నన్ను తిట్టలేదు. పేపర్ ఇంకా అచ్చు కాలేదు కదా, జర్నల్‌కు ఒక ఉత్తరం ముక్క రాసి వెనక్కు తీసుకుందాం, ఎవరికీ తెలియక్కర్లేదు అన్నారు. ప్రాణం లేచొచ్చింది. వీధి మలుపు తిరిగేలోపు, లేచొచ్చినందుకు సిగ్గేసింది.

అక్కణ్నుంచే సుధారాణి ఇల్లు వెతుక్కుంటూ పోయాను. రైల్వే గేటు అవతల. వాళ్లమ్మ స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చింది. అందుకోబోయి నా చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే. నేను ఆపలేదు, అదే ఆగింది. సుధారాణి చూసింది. గ్లాసు మొత్తం తాగాను, ఇంకో గ్లాసు కూడా అడిగి తాగాను. దాంతో ఇంకా పాడైంది.

కడుపు సంగతంతా చెప్పాను. క్షమించమన్నాను. ఆమె నెమ్మదిగా విన్నది. తనకు ముందే అనుమానం వచ్చిందట. తిరుపతిలో చదివేటప్పుడు లైబ్రరీలో ఎక్కడో చదివిందట. వాళ్లింట్లో చెరువు చేప తప్ప సముద్రం చేపను ఎవరూ కళ్ల చూడలేదట, కోసి కడగడం మాట దేవుడెరుగు. ఇదంతా కోపం లేకుండానే చెప్పింది. కోప్పడి ఉంటే బాగుండేది.

లేచేటప్పుడు మాత్రం అంది, "ఈడ చెప్తే ఎవురికి ఇనబడతాది మేడమ్? నవ్వినోళ్లంతా ఆడ ఉండ్రి."

21 మార్చి

జర్నల్‌కు ఉత్తరం పోస్టు చేశాను. సులువైన పని అది.

28 మార్చి. పుంగనూరు

నాన్నకు అంగట్లోనే చెప్పాను. మధ్యాహ్నం, బేరాలు లేని వేళ. చేప పాతదే, మీ పేరు ఇక దానికి ఉండదు అన్నాను. జూలైలో జరిగే సెమినార్‌లో లేచి అందరి ముందూ చెప్పబోతున్నానని కూడా అన్నాను.

నాన్నకు అర్థం కాలేదు. "కడుపైతేనేమి, నాలికైతేనేమి, ఎవురు సూస్తారమ్మా సముద్రం అడుక్కు పొయ్యి? ఊరంతా ఇనేటట్టు యాల చెప్పేది?" అన్నాడు. వీధిలో తన గతేమిటని అడగలేదు. నాకే అడిగినట్టు అనిపించింది.

ఆ అమ్మాయిని నేనన్న మాట ఉంది కదా, అది కూడా అక్కడే చెప్పాలి అన్నాను. అదీ తప్పేనా అన్నాడు. అదే పెద్ద తప్పు అన్నాను. నాన్న పప్పు గోతాంలో చెయ్యి పెట్టి గింజలు పోసుకుంటూ కూర్చున్నాడు.

"నేను గూడా నవ్వితిని గదమ్మా" అన్నాడు.

తర్వాత స్టూలెక్కి గోడమీది కటింగ్‌ను గోటితో గీకాడు. సగం వచ్చింది. మిగతా సగాన్ని తడిగుడ్డతో నేను తుడిచాను.

16 జూలై. మదనపల్లె

రేపు మళ్లీ సెమినార్. అదే హాలు. సార్ ఇంకోసారి ఆలోచించుకోమన్నారు. పడుకుంటే లేవలేనేమోనని భయంగా ఉంది.

17 జూలై, సాయంత్రం. కుప్పం

చెప్పాను.

చేప బొమ్మను తెరమీద వేసి, ఇది ఎర కాదు, కడుపు అన్నాను. నేను పొట్ట తెరవలేదు, తెరవమన్న మనిషిని అవమానించాను అన్నాను. పాపం అన్నట్టు చూశారు. ఒకరిద్దరు తలలూపారు. అంతవరకు బాగానే ఉంది.

ఏమని అవమానించానో చెప్పకపోతే అది క్షమాపణ ఎలా అవుతుంది? అందుకని ఆ మాటను ఉన్నదున్నట్టు మళ్లీ చెప్పాను. కోసి కడగడం మీ ఇళ్లల్లో అలవాటు, మేం చూసి చదువుకునేవాళ్లం.

హాలు నవ్వింది. ఫిబ్రవరిలో నవ్వినట్టే. ముందు వరసలో ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. వాళ్లు జోకు రెండోసారి విన్నారు, అంతే. అది తప్పు, నేను చేసింది తప్పు అంటున్నాను. మైకులో నా గొంతు నాకే వినిపించడం లేదు. కుర్చీ వైపు తిరిగాను.

వెనక వరసలో సుధారాణి లేచింది. వస్తుందనుకోలేదు. నవ్వును మించి గట్టిగా అంది, "కూసోవద్దండి మేడమ్. వాళ్ల నవ్వు కానీండి. మీరు ఆడనే నిలబడండి."

18 జూలై

నిలబడ్డాను. నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఫిబ్రవరిలో ఆ రోజు ఆమె ఎంతసేపు నిలబడిందో గుర్తు చేసుకోవాలని చూస్తున్నాను. తెలియడం లేదు. నేను అటు చూడలేదు.