సాయిలు మిస్త్రీ అరచేయి

బుధవారం, రాత్రి

లోడుతో ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తుంది, నా లారీ మాత్రం ముందుకు లాగదు. ముగ్గురు మెకానిక్‌లు గేర్‌బాక్స్ పోయిందన్నారు. బయట ఒక షాపులో ఇంజిన్ పవర్ పెంచే ట్యూనింగ్ చేయించానని వాళ్లకు చెప్పలేదు. ఇంట్లో నా భార్య సుజాతకు కూడా చెప్పలేదు.

ఈ రోజు మెదక్‌లో లారీ మెకానిక్ సాయిలు మిస్త్రీని కలిశాను. ఆయనకు చెవులు దాదాపు వినపడవు. పక్క సీట్లో కూర్చుని, గేరు రాడ్డు మీద అరచేయి పెట్టి, "ఏడుపాయల దిక్కు పోనియ్యి" అన్నాడు. ఎత్తు రాగానే కళ్లు మూసుకున్నాడు.

"గేర్‌బాక్స్ మంచిగనే ఉంది. క్లచ్ పట్టు ఇడుస్తుంది. ఇంజిన్‌కు ఏం చేయించినవ్?"

"ట్యూనింగ్ చేయించిన మిస్త్రీ" అని గట్టిగా అరిచాను.

"ఇంజిన్ బలం పెంచినవ్. గా బలాన్ని చక్రాలకు అందించే క్లచ్ మాత్రం పాతదే ఉంచినవ్. ఇంజిన్ మల్ల ఎప్పటి లెక్కనే చేయించు."

గేర్‌బాక్స్ దించి చూస్తే క్లచ్ ప్లేటు మాడి నల్లబడి ఉంది. ఆయన ఇంజిన్‌ను చేత్తో విన్నాడు! నేను దాచింది కూడా ఆ చేతికే తెలిసిపోయింది.

సాయంత్రం సుజాతకు అంతా చెప్పాను. ఆమె ముఖం మారిపోయింది.

"మా తమ్ముని లారీకి గూడ గదే చేయించినవా?"

తల ఊపాను. వెంటనే తమ్ముడికి ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది. వాడు రేగోడ్ దారిలో లోడుతో ఉన్నాడు.

"బావా, నేనే చేద్దామనుకున్న. ఎత్తు ఎక్కుతలేదు, గేర్‌బాక్స్ పోయినట్టుంది" అన్నాడు.

"గేర్‌బాక్స్ కాదురా, క్లచ్ పట్టు ఇడుస్తుంది, ఎత్తు మీద ఎనకకు జారుతవ్. ముందుగాల పక్కకు ఆపు" అన్నాను.

వాడు ఆపేదాకా ఫోన్ పెట్టెయ్యలేదు.